జ్వరానికి పేరు దొరికేదాకా ఏం చేయాలి

నా కేస్ షీట్ మీద డాక్టర్ గారు రాసిన మొదటి మాట "పీయూఓ". నరసరావుపేట నుంచి గుంటూరు కొత్తపేటకు బస్సులో వచ్చి, రెండు గంటలు బెంచీ మీద కూర్చుని, లోపలికి వెళ్లి బయటికొచ్చాక ఆ మూడక్షరాలు చూసి అదేదో జబ్బు పేరనుకున్నాను. మా ఆయన వెళ్లి అడిగితే నర్సమ్మ చెప్పింది: "కారణం తెలియని జ్వరం అని అర్థమండీ." అప్పటికి జ్వరం మొదలై 24 రోజులు. అసలు పేరు తెలిసేసరికి ఇంకో 29 రోజులు పట్టింది. మొత్తం 53 రోజులు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సంక్రాంతి సెలవులయ్యాక జనవరి 20న మొదలైన జ్వరం, టెన్త్ పబ్లిక్ పరీక్షలకు నాలుగు రోజుల ముందు, మార్చి 13న తేలింది. ఆ మధ్యకాలంలో నేను చేసినవి, చేయకుండా ఉండాల్సిందని తర్వాత తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు మీ ఇంట్లో ఎవరైనా ఇదే స్థితిలో ఉంటే వాళ్లకు పనికొస్తాయి. నేను డాక్టర్ని కాను. మందుల విషయంలో మీ డాక్టర్ మాటే వినండి.

ఒక సంగతి ముందే చెప్పాలి. మూడు రోజుల జ్వరానికీ దీనికీ పోలిక లేదు. 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు దీనికి ఒక కొలత పెట్టారు: 101 డిగ్రీలు దాటే జ్వరం మూడు వారాలకు మించి పదే పదే రావాలి, ఆస్పత్రిలో వారం రోజులు వెతికినా కారణం దొరకకూడదు. తర్వాత ఈ నిర్వచనాన్ని కొంత మార్చారు గానీ మూలం అదే. అది చదివాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. అంతకుముందు ఎవరికీ అర్థం కానిదేదో నాకొక్కదానికే వచ్చిందనుకున్నాను. ఇది డాక్టర్లకు బాగా తెలిసిన చిక్కేననీ, వెతకడానికి ఒక వరస ఉందనీ తెలిసింది.

గ్రాఫు కాగితం

మొదటి వారంలో మా ఇంట్లో జ్వరం కొలిచే పద్ధతి నుదుటి మీద చెయ్యి వేసి చూడటమే. "నిన్నటి కంటే తక్కువే" అని అత్తయ్య, "ఎక్కువే" అని మా అమ్మాయి. ఎనిమిదో రోజున మంచం మీదే కూర్చుని టెన్త్ పిల్లల గ్రాఫు కాగితం ఒకటి తీశాను. నిలువు గీత మీద 97 నుంచి 105 డిగ్రీలు, అడ్డగీత మీద గంటలు. ఒక సెంటీమీటరు ఒక డిగ్రీ, ఒక్కో చిన్న గడి డిగ్రీలో పదో వంతు. ఆ 53 రోజుల్లో నేను చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే.

థర్మామీటర్ ఒకటే వాడండి. కొలిచే చోటు కూడా ఒకటే ఉండాలి. చంకలో పెడితే నోట్లో కంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తక్కువ చూపిస్తుంది. పొద్దున చంకలో, రాత్రి నోట్లో కొలిస్తే ఆ అంకెలను పోల్చలేం. నేను నాలుక కింద పెట్టేదాన్ని. కాఫీ తాగినా చల్లటి నీళ్లు తాగినా ఇరవై నిమిషాలు ఆగేదాన్ని. ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 4, రాత్రి 8, ఇవి కాక చలి పుట్టినప్పుడల్లా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా ఒంటి వేడి తెల్లవారుజామున తగ్గి సాయంత్రానికి పెరుగుతుంది. పొద్దునొక్కసారే చూసుకుని "తగ్గిపోయింది" అనుకుంటే మోసపోతాం. నేను మొదటి వారమంతా అలాగే మోసపోయి స్కూలుకు కూడా వెళ్లాను.

మాత్ర వేసుకునే ముందే కొలవండి. మాత్ర వేసుకున్న సమయం ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి. ఏ మందు ఏ రోజు మొదలైందో, ఏ రోజు ఆగిందో కాగితం అడుగున రాయండి. చెమటలు, చలి, కీళ్ల నొప్పి, దద్దుర్లు ఏవి కనిపించినా ఆ గంటకు ఎదురుగా ఒక్క మాట రాయండి. దద్దుర్లయితే వెంటనే ఫోన్‌లో ఫొటో తీయండి. కొన్ని జబ్బుల్లో సాయంత్రం జ్వరంతో పాటే దద్దు వచ్చి పొద్దుటికి మాయమవుతుందట. ఓపీకి వెళ్లే వేళకు చూపించడానికి ఏమీ ఉండదు.

గ్రాఫు నా విషయంలో ఏం చేసిందో చెబుతాను. ఐదో రోజున ఊళ్లో ఒక క్లినిక్‌లో వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. ఏడు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు చేశారు. గీత కదల్లేదు. తర్వాత ఏడు రోజులు లీవోఫ్లాక్సాసిన్ మాత్రలు ఇచ్చారు. మూడో మాత్రకు గీత దిగింది. 103 నుంచి 99కి. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. కోర్సు అయిపోయిన మూడో రోజు సాయంత్రం నాలుగింటికి మళ్లీ 102.

గుంటూరులో డాక్టర్ గారు నా కాగితాలు టేబుల్ మీద పరిచి, ఆ పల్లం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. ఆ మందు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుందనీ, ఒక్క మందుతో టీబీ నయం కాదు గానీ కొన్నాళ్లు అణిగి కనిపిస్తుందనీ, దానివల్ల అసలు జబ్బు పట్టుకోవడం ఆలస్యమవుతుందనీ చెప్పారు. "ఇదొక్కటే రుజువు కాదమ్మా, కానీ ఎక్కడ వెతకాలో చెబుతోంది" అన్నారు. జ్వరం తగ్గిందీ, మళ్లీ వచ్చిందీ అని నోటితో చెప్పి ఉంటే ఆ పల్లం ఆయనకు కనిపించేది కాదు.

ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి

ఆ రోజు డాక్టర్ గారు అరగంట సేపు ప్రశ్నలే అడిగారు. పచ్చిపాలు తాగుతారా, ఇంట్లో గొడ్లున్నాయా, కుక్క గానీ పిల్లి గానీ ఉందా, ఈ మధ్య పొలానికి, అడవికి, వేరే ఊరికి వెళ్లారా, పన్ను పీకించుకున్నారా, కొత్తగా ఏ మందు మొదలుపెట్టారు, నోట్లో పుళ్లు, జుట్టు రాలడం, నడుం నొప్పి, మెడలో గడ్డలు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా.

చివరి ప్రశ్నకు నేను "లేదండీ" అన్నాను. అబద్ధమాడలేదు. నాకు తెలిసింది అంతే.

ఆ రాత్రి మా ఆయన ఆ ప్రశ్నల కాగితం అత్తయ్యకు చదివి వినిపించారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. పదకొండేళ్ల కిందట మామయ్యగారికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని ఆరు నెలలు మందులు వాడారు కదా, అది నిమ్ము కాదు, టీబీ. అప్పుడు మా ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్నారు, బయటికి తెలిస్తే పెళ్లి కాదని దాచారు. ఆ ఆరు నెలలూ ఆయనకు గదిలోకి అన్నం తీసుకెళ్లింది నేనే.

టీబీ క్రిమి ఒంట్లో చేరి ఏళ్ల తరబడి నిద్రపోయి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేవగలదని తర్వాత తెలుసుకున్నాను. నాకు అక్కడి నుంచే వచ్చిందని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ ఆ ఒక్క మాటతో డాక్టర్ గారు పరీక్షల వరస మార్చారు.

అందుకే చెబుతున్నాను. అత్తమామల్ని, అమ్మానాన్నల్ని, పెద్దమ్మల్ని కూర్చోబెట్టి, "ఎవరినీ తప్పు పట్టం, ప్రాణం సంగతి" అని చెప్పి అడగండి. "నిమ్ము", "నంజు", "రక్తం తక్కువ" అని ఇంట్లో చెప్పుకునే పేర్ల వెనక అసలు జబ్బు ఏమిటో కనుక్కోండి. పాత రిపోర్టులు బీరువాలో ఉంటే తీయించండి. ఆ రాత్రి అత్తయ్య ఏడ్చారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆ రోజుల్లో ఆ భయం అలాంటిది.

ఇంకొకటి, ఒళ్లంతా వెతుక్కోండి. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, చీర కుచ్చిళ్ల దగ్గర నడుము చుట్టూ. సిగరెట్ కాలినట్టు చిన్న నల్లటి పెచ్చు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ గుర్తు కావచ్చు. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లిలాంటి అతిచిన్న పురుగు కుట్టిన చోటు అది. నొప్పి ఉండదు కాబట్టి మనకు తెలియదు. మన జిల్లాల్లోనూ ఈ జబ్బు వస్తుంది. సరైన మందు పడితే చాలామందికి రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. ఈ వెతుకులాట మొదటి వారంలోనే అయిపోవాలి.

వేసుకోకూడనివి

పారాసెటమాల్ గురించి ముందు. పెద్దవాళ్లకు ఒకసారికి 500 లేదా 650 మిల్లీగ్రాములు, మాత్రకూ మాత్రకూ కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, రోజు మొత్తంలో 4 గ్రాములు ఎప్పటికీ దాటకూడదు. బరువు తక్కువున్నవాళ్లకు, లివర్ సమస్య ఉన్నవాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు అంతకంటే తక్కువే. వారాల తరబడి వాడాల్సి వస్తుంది కాబట్టి మీకు రోజుకు ఎంతో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. జలుబు మాత్రల్లో, ఒళ్లు నొప్పుల మాత్రల్లో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది. డోలో వేసుకుని, దాని మీద జలుబు మాత్ర వేసుకుంటే రెండింతలు పడినట్టే. నాకు డాక్టర్ గారు, అంకె చూసి కాకుండా బాధ చూసి వేసుకోమన్నారు. 100 ఉండి లేచి తిరగగలిగితే వేసుకునేదాన్ని కాదు.

"ఒక్క సూదితో రాత్రికి రాత్రే తగ్గిస్తాం" అన్నచోట ఆగండి. ఆ సూదిలో ఏముందో పేరు అడగండి. స్టెరాయిడ్ అయితే చాలా రకాల జ్వరాలు ఆ రాత్రికి దిగుతాయి, కానీ లోపల ఇన్ఫెక్షన్ ఉంటే అది పెరుగుతుంది. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అయితే తర్వాత ముక్క తీసి చూసినా సరిగా తేలకపోవచ్చు. అంతకుముందే ఏ కారణానికైనా స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌కు చెప్పాలి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకు, రక్తం ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. ఇవ్వాలని నాకు తెలియదు. తర్వాత గుంటూరులో అన్ని మందులూ ఆపించి తీశారు, అందులో ఏమీ పెరగలేదు. వైడాల్ ఒక్కసారి పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అని ఖాయం కాదు. పాత జ్వరం వల్లో, టీకా వల్లో కూడా అలా రావచ్చు. "కల్చర్‌కు పంపిద్దామా అండీ" అని మర్యాదగా అడిగితే మంచి డాక్టర్ ఎవరూ కోప్పడరు. మనిషి స్థితి బాగా లేకపోతే మాత్రం మందు ఆపమని పట్టుబట్టకండి. అప్పుడు నిమిషాలు లెక్క.

కషాయాలు, చూర్ణాలు, బంధువులు తెచ్చిన పొడులు ఏవి తీసుకున్నా డాక్టర్‌కు చెప్పండి. కొన్నిసార్లు వాడుతున్న మందే జ్వరానికి కారణమవుతుంది, ఆపితే తగ్గిపోతుంది. కాబట్టి బీపీ మాత్ర నుంచి ఫిట్స్ మాత్ర దాకా అన్నీ సంచీలో వేసుకుని వెళ్లడమే మేలు.

తిండి, నీళ్లు, చెమట

"లంఖణం పరమౌషధం అమ్మాయ్" అని అత్తయ్య మొదటి పది రోజులు నాకు బార్లీ నీళ్లు, బ్రెడ్డు తప్ప పెట్టలేదు. రెండు రోజుల జ్వరానికి అది సరిపోతుందేమో. వారాల జ్వరానికి సరిపోదు. జ్వరం ఉన్నంతసేపూ ఒళ్లు మామూలు కంటే ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. నేను 61 కిలోల నుంచి 55కు దిగాను.

గ్రాఫు ఇక్కడా పనికొచ్చింది. నాకు పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 1 దాకా జ్వరం తక్కువగా ఉండేది. తిండి మొత్తం ఆ వేళలోకి జరిపాం. ఏడింటికి నెయ్యి వేసిన ఇడ్లీ, పదింటికి ఉడికించిన గుడ్డు, పన్నెండున్నరకు మెత్తటి అన్నంలో ముద్దపప్పు. నాలుగింటికి చలి మొదలయ్యాక నోరు చేదు, ఏదీ దిగదు. అప్పుడు మజ్జిగ, సగ్గుబియ్యం జావ. రాత్రి చెమట పట్టి జ్వరం దిగాక తొమ్మిదిన్నరకు పెరుగన్నం. మీ జ్వరం ఏ వేళ తగ్గుతుందో చూసి మీ వేళలు మార్చుకోండి. "తినాలి, తినాలి" అని జ్వరం ఎక్కువున్న వేళ బలవంతం చేస్తే వాంతి అవుతుంది. ఆదివారం పొద్దున టిఫిన్‌కు ముందు బరువు చూసి రాయండి.

చెమటతో పోయిన నీరు మళ్లీ ఒంట్లోకి వెళ్లాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే తక్కువ తాగుతున్నట్టు. ఓఆర్ఎస్ ప్యాకెట్ పూర్తిగా, దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు) కలపాలి, సగం ప్యాకెట్ గ్లాసులో వేసుకోకూడదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో అడిగి తెలుసుకోవాలి. జ్వరం వచ్చిన ప్రతిసారీ గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోనక్కర్లేదు. నోటితో తాగగలిగితే అదే చాలు.

వణుకు వచ్చేటప్పుడు దుప్పటి కప్పుకోండి, వణుకు ఆగి ఒళ్లు కాలడం మొదలయ్యాక తీసేయండి. తడిగుడ్డతో తుడవాలంటే గోరువెచ్చని నీళ్లతో తుడవాలి. ఐసు నీళ్లతో తుడిస్తే మళ్లీ వణుకు పుడుతుంది. తలగడ పక్కన మూడు నూలు నైటీలు, రెండు తువ్వాళ్లు మడిచి పెట్టించుకునేదాన్ని. రాత్రి రెండింటికి తడిసిన బట్టలతో లేచి బీరువా వెతకడానికి ఓపిక ఉండదు.

పరీక్షలు జరిగే కాలం

ఒక్క డాక్టర్ చేతిలో ఉండండి. జనరల్ మెడిసిన్ ఎండీ అయితే మంచిది. రెండో అభిప్రాయం తీసుకోవచ్చు, కానీ మూడు రోజులకొకరిని మారిస్తే ప్రతివాళ్లూ మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్‌లో పెట్టి, పైన ఒక పేజీలో సారాంశం రాయండి. స్కాన్ రిపోర్టు కాగితంతో పాటు ఫిల్ములు కూడా తీసుకెళ్లాలి.

"నార్మల్" అని వచ్చిన ప్రతి రిపోర్టుకూ నేను నీరసపడిపోయేదాన్ని. ఎక్స్‌రే నార్మల్, గుండె స్కాన్ ఎకో నార్మల్, హెచ్‌ఐవీ నెగెటివ్, కీళ్లవాతం పరీక్షలు నెగెటివ్. ఒంట్లో ఎక్కడో వాపు ఉందని చూపే ఈఎస్ఆర్ ఒక్కటే బాగా ఎక్కువ, 98. తర్వాత నాకు నేనే లెక్కల్లో చెప్పుకున్నాను: విలువ దొరక్కపోయినా కుదరని విలువలు కొట్టివేయబడుతున్నాయి. 44వ రోజు సీటీ స్కాన్‌లో పొట్టలో పేగుల దగ్గర లింఫ్ గ్రంథులు ఉబ్బి కనిపించాయి. టీబీ కావచ్చు, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) కావచ్చు, ముక్క తీసి చూడాలి అన్నారు.

ముక్క తీసే రోజున ఒక్క మాట తప్పక అడగండి: "టీబీ పరీక్షకు, కల్చర్‌కు వేరే సీసాలో తీస్తున్నారా?" ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే క్రిమి చచ్చిపోతుంది, దాన్ని కల్చర్‌లో పెంచలేరు. నాకు రెండు సీసాల్లో తీశారు, ఒకటి ఫార్మలిన్, ఒకటి సెలైన్. సెలైన్ సీసా మా ఆయనే ల్యాబ్‌కు తీసుకెళ్లి ఇచ్చి రసీదు రాయించుకున్నారు. రెండో రోజున సీబీనాట్ పరీక్షలో టీబీ క్రిమి దొరికింది. కల్చర్ పూర్తి ఫలితానికి ఆరు వారాల దాకా పడుతుంది, దానికోసం మందులు ఆపలేదు.

అందరికీ ఇలా తేలకపోవచ్చు. మన దేశంలో ఈ రకం జ్వరాలకు టీబీ పెద్ద కారణమే అయినా, ఒంట్లో రక్షణ వ్యవస్థ తిరగబడటం వల్ల వచ్చే జబ్బులు, క్యాన్సర్లు కూడా ఉంటాయి. కొందరికి ఎంత వెతికినా కారణం దొరకదు. అలాంటివాళ్లలో చాలామందికి జ్వరం దానంతట అదే తగ్గిపోతుందని మా డాక్టర్ గారు చెప్పారు.

రాత్రులు

స్కాన్‌కూ ముక్క తీయడానికీ మధ్య ఏడు రాత్రులు. లింఫోమా అన్న మాట విన్నాక ఫోన్ పట్టుకుని రెండింటిదాకా చదివేదాన్ని. చదివిన ప్రతి లక్షణమూ నాకున్నట్టే ఉండేది. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఒక రాత్రి లేచి వచ్చి ఫోన్ తీసుకుని, "అమ్మా, ప్రశ్నలు నువ్వు రాయి, పొద్దున డాక్టర్ గారిని నేను అడుగుతా" అంది. అప్పటి నుంచి తలగడ కింద చిన్న నోట్‌బుక్. భయం వచ్చినప్పుడల్లా ప్రశ్నగా రాసి మూసేసేదాన్ని. ఏడుపు ఆగకపోతే, నిద్ర అసలు పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు మాట్లాడాను.

"ఇంకా తగ్గలేదా?" అని అడిగే ఫోన్లన్నీ మా ఆయన ఫోన్‌కు మళ్లించాం. సెలవు సంగతి కూడా మొదట్లోనే తేల్చుకోండి. నేను రెండు మూడు రోజులకొకసారి సీఎల్ పెట్టుకుంటూ పోయాను, రేపు తగ్గుతుందని. మెడికల్ సర్టిఫికెట్‌తో ఒకేసారి పెట్టి ఉంటే స్కూల్లో టెన్త్ పిల్లలకు వేరే మాస్టారిని ముందే సర్దేవారు. ఆ బెంగ నాకు ఇప్పటికీ ఉంది.

ఆగకూడని వేళ

పొంతన లేకుండా మాట్లాడుతున్నా, లేపితే సరిగా లేవకపోయినా, ఆయాసం వచ్చినా, మెడ వంచలేకపోయినా, ఫిట్స్ వచ్చినా, కాళ్లూ చేతులూ చల్లబడి కళ్లు తిరుగుతున్నా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, ఎక్కడైనా రక్తం కారినా, కళ్లు పచ్చబడినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. 108కి ఫోన్ చేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. గర్భిణులు, చంటిపిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ల విషయంలో ఈ వ్యాసంలో చెప్పిన ఓపిక ఏదీ పనికిరాదు. మొదటి రోజే డాక్టర్‌కు చూపించాలి.

పేరు దొరికాక

టీబీ మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇచ్చారు. టీబీ రోగుల కోసం ప్రభుత్వం పెట్టిన నిక్షయ్‌లో పేరు నమోదు చేసి, తిండి ఖర్చుకు నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తామన్నారు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. మొదటి మాత్ర వేసుకున్న సాయంత్రం నాలుగింటికి థర్మామీటర్ పెట్టుకుని ఎదురుచూశాను. 102.2. మర్నాడు 102. మందు పనిచేయడం లేదేమోనని మళ్లీ భయం. కొన్నిసార్లు రెండు మూడు వారాలు పడుతుందని డాక్టర్ గారు ముందే చెప్పారు, అయినా భయం వేసింది. పదకొండో రోజు నుంచి గీత దిగడం మొదలైంది. పదిహేడో రోజు సాయంత్రం నాలుగింటికి 98.6. కాగితం తీసుకెళ్లి వంటింట్లో అత్తయ్యకు చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఆ చుక్క దాకా గీత వెంట వచ్చి, "రేపు కూడా చూడు అమ్మాయ్" అన్నారు. ఇంకో రెండు వారాలు గీశాను.